పాత పికప్‌కు కొత్త బలం: ఏ బండి కొనాలి, ఏ సామాను బిగించాలి, ఏది వదిలేయాలి

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పికప్ కోసం తిరిగేవారికి తరచు ఎదురయ్యే పేర్లు నాలుగు: టాటా 207, టాటా జెనాన్, మహీంద్రా స్కార్పియో గెటవే, ఇసుజు వీ-క్రాస్. వీటిలో ఒకటి కొని, బాగు చేయించి, రెండో బ్యాటరీ, ఇన్వర్టర్, గాలి కంప్రెసర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) లాంటివి బిగించుకోవాలనుకునేవారి కోసం ఈ పోలిక. పొలాల వెంట తిరుగుతూ మోటార్లు బాగు చేసేవారికీ, డ్రిప్ పనులు చేసేవారికీ, అడవి దారుల్లో రోజుల తరబడి తిరిగే సరదా ఉన్నవారికీ అవసరాలు వేరైనా లెక్కలు ఒక్కటే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత బండి మీద పెట్టే డబ్బులో ఎక్కువ భాగం కంటికి కనపడని చోటికే పోవాలి. బ్రేకులు, బుష్‌లు, రేడియేటర్, వైరింగు సరిచేయకముందే ఏ కంపెనీ వించ్ మంచిదని అడగడం, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది.

నాలుగు బండ్లు, నాలుగు స్వభావాలు

టాటా 207 వంశం 1988లో వచ్చిన టాటామొబైల్‌తో మొదలైంది. పాత 207 డీఐలలో దాదాపు 3 లీటర్ల డీజిల్ ఇంజను, మెకానికల్ పంపు ఉంటాయి. ఇంజనులో కంప్యూటర్ అనే మాటే లేదు కాబట్టి మండల కేంద్రంలో ఉన్న మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. దానికి బదులుగా శబ్దం, కుదుపు, నెమ్మదితనం భరించాలి. మనకు దొరికేవాటిలో దాదాపు అన్నిటికీ వెనుక చక్రాలకే శక్తి అందుతుంది. రోజూ పనిముట్లు మోసుకుని ముప్పై నలభై కిలోమీటర్ల పరిధిలో తిరిగేవారికి ఇది చాలు. హైదరాబాద్ నుంచి అరకు దాకా కుటుంబంతో వెళ్ళాలనుకుంటే దీని జోలికి పోవద్దు.

జెనాన్ ఎక్స్‌టీ మన దేశంలో 2009లో వచ్చింది. 2.2 లీటర్ల డైకార్ ఇంజను, 140 పీఎస్ శక్తి, 320 న్యూటన్ మీటర్ల టార్క్. అప్పట్లో సఫారీలో వాడిన ఇంజను కుటుంబమే ఇది. కాబట్టి ఇంజను సామాను దొరుకుతుంది. బాడీ సామాను మాత్రం వేరే కథ: తలుపు, టెయిల్ గేటు, లైట్ల లాంటివి పాత బండ్ల నుంచి విప్పినవి వెతుక్కోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఓపికగా తిరిగితే దొరుకుతాయి కానీ, ధర అమ్మేవాడి ఇష్టం. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న జెనాన్ తగిలితే ముందు ఆ స్విచ్ తిప్పి, ముందు చక్రాలు నిజంగా పట్టుకుంటున్నాయో లేదో మట్టి నేల మీద చూడండి. ఏళ్ళ తరబడి వాడకపోవడం వల్ల ముందు చక్రాలకు శక్తిని కలిపే మోటారు బిగుసుకుపోయి, లైటు వెలిగినా గేరు పడని బండ్లు ఉంటాయి.

నాలుగింటిలో ఏదని నన్ను అడిగితే మధ్యస్థంగా ఖర్చు పెట్టగలిగేవారికి గెటవేనే చెబుతాను. కారణం గొప్ప ఇంజనీరింగ్ కాదు, స్కార్పియో. స్టీరింగు, సస్పెన్షన్, క్లచ్, ఎంహాక్ ఇంజను సామాను ఏ ఊళ్ళో అడిగినా ఉంటుంది. పాత బండి ఎంత బాగుందనేదాని కంటే, రాత్రి ఎనిమిదింటికి దారిలో ఆగిపోతే తెల్లారేసరికి సామాను దొరుకుతుందా అన్నదే పెద్ద ప్రశ్న. తొలి బండ్లలో 2.6 లీటర్ల ఇంజను ఉంటుంది. తర్వాత వచ్చిన 2.2 లీటర్ల ఎంహాక్ ఉన్నదే తీసుకోండి.

వీ-క్రాస్ మన గడ్డ మీదే తయారైంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016 ఏప్రిల్‌లో మొదలైంది, ఆ ఏడాదే ఈ బండి రోడ్డెక్కింది. తొలి బండ్లలో 2.5 లీటర్ల ఇంజను, 320 న్యూటన్ మీటర్ల టార్క్, నాబ్ తిప్పితే పడే ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటాయి. నాలుగింటిలో గట్టి ఛాసిస్ దీనిదే, కూర్చోవడానికి సుఖమైనదీ ఇదే. సామాను ఖరీదు కూడా దీనిదే ఎక్కువ. పెద్ద ఊళ్ళకు దూరంగా తిరిగేవారు ఫిల్టర్లు, బెల్టులు ఒక జత వెంట పెట్టుకోవాలి.

కొనేముందు కింద పడుకుని చూడండి

ఇంజను రిపేరు చేయించుకోవచ్చు, గేరుబాక్సు మార్చుకోవచ్చు. ఛాసిస్ తుప్పు తింటే మాత్రం బండి అయిపోయినట్టే.

చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్, టార్చి పట్టుకుని కిందికి దూరండి. వెనుక కమాన్ పట్టీలు ఛాసిస్‌కు తగులుకునే బ్రాకెట్ల దగ్గర మొదలుపెట్టండి. సుత్తితో మెల్లగా తడుతూ ముందుకు రండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. లోపలి నుంచి తిన్న ఇనుము మందంగా, తడిసిన చెక్క మీద కొట్టినట్టు పలుకుతుంది. అలా పలికిన చోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కండి. పొర ఊడి గోధుమ రంగు పొట్టు రాలితే లేచి దుమ్ము దులుపుకుని ఇంటికి వెళ్ళవచ్చు. డీజిల్ ట్యాంకు పైభాగం, వెనుక తొట్టి బోల్టులు కూర్చునే చోట్లు, పెట్టెలా మూసి ఉన్న ఛాసిస్ లోపలి గోడలు కూడా చూడాలి. అడుగంతా నిగనిగలాడే కొత్త నల్లరంగు ఉంటే సంతోషించకండి, అనుమానించండి.

భీమవరం, కాకినాడ, మచిలీపట్నం వైపు రొయ్యలు, చేపలు మోసిన బండ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఐసు కరిగిన నీళ్ళూ ఉప్పునీళ్ళూ తొట్టి సందుల్లోంచి కారి ఛాసిస్ మీద ఏళ్ళ తరబడి పడతాయి. పైన చూస్తే బండి కొత్తపెళ్ళికొడుకులా ఉంటుంది. కమాన్ బ్రాకెట్ దగ్గర వెల్డింగు అతుకు కనపడిందంటే, అమ్మేవారు ఎంత తగ్గించినా వద్దు.

ఢిల్లీ నుంచి వచ్చే బండ్లు చవక. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద అక్కడ 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆంక్ష పెట్టడమే ఆ చవకకు ప్రధాన కారణం. అయితే ఎన్‌ఓసీ, ఇక్కడి రిజిస్ట్రేషను, లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేశాక ఆ చవక ఎంత మిగులుతుందో కాగితం మీద రాసుకుని చూడండి. తెల్ల బోర్డా, పసుపు బోర్డా అన్నది కూడా ఆర్సీలోనే తేల్చుకోవాలి. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్ళు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష, అదే ఎఫ్‌సీ తప్పదు. తెల్ల బోర్డుకు పదిహేనేళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్.

బరువు లెక్క, దాని వెనుక బ్రేకుల లెక్క

ఆర్సీలో రెండు అంకెలు ఉంటాయి: ఖాళీ బరువు, మొత్తం అనుమతించిన బరువు. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మీ చేతిలో ఉన్న పెట్టుబడి. నలుగురు మనుషులు ఎక్కితేనే అందులో 280 కిలోలు పోతాయి. ఇనుప తాడున్న వించ్ 40 కిలోలకు అటూ ఇటూ, లెడ్ బ్యాటరీ 25 నుంచి 30, తొట్టి మీద బిగించే ఫైబర్ కప్పు 50కి పైనే. తెల్ల బోర్డు డబుల్ క్యాబిన్లలో కొన్నిటికి ఈ మిగులు ఆశ్చర్యపోయేంత తక్కువ ఉంటుంది.

వెనుక దిగబడుతోందని ఇంకో కమాన్ పట్టీ వేయించడం మనవాళ్ళకు అలవాటు. ఇక్కడొక చిక్కు ఉంది. చాలా పికప్‌లలో వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య చిన్న లివరు ఉంటుంది. తొట్టి ఎంత కిందికి దిగితే అంత బరువు ఉందని గ్రహించి, వెనుక బ్రేకులకు ఆ మేరకు ఒత్తిడి వదిలే వాల్వు అది. కొత్త పట్టీ వేసి వెనుక భాగం లేపితే, నిండా సరుకున్నా బండి ఖాళీగానే ఉందని ఆ వాల్వు అనుకుంటుంది. వెనుక బ్రేకు తగ్గిపోతుంది, భారమంతా ముందు చక్రాల మీద పడుతుంది. పట్టీ వేయించిన రోజే ఆ లివరు కొలత సరిచేయించాలి. ఈ మాట అడిగితే మెకానిక్ తెల్లమొహం వేస్తే, ఇంకో మెకానిక్‌ను చూసుకోండి.

కరెంటు: అన్నిటికీ మూలం ఇదే

పాత పికప్ ఆల్టర్నేటర్, అదే మనం డైనమో అనేది, సాధారణంగా 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య ఉంటుంది. అదీ ఇంజను పరుగు మీద ఉన్నప్పుడు. ఐడిల్‌లో సగం కూడా రాకపోవచ్చు, వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను, డీజిల్ వ్యవస్థ తినగా మిగిలిందే మన సామానుకు.

రెండో బ్యాటరీ తప్పనిసరి అనే అంటాను. పని ముగిసేసరికి సెల్ఫ్ కొట్టడానికి ఛార్జి లేకపోవడం కంటే అవమానం లేదు. లెడ్ యాసిడా, లిథియం ఐరన్ ఫాస్ఫేటా అన్నదే తేల్చుకోవాలి. 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో సగం వరకే వాడుకోవాలి, అంతకు మించి పిండితే ఆయుష్షు తరిగిపోతుంది. అంటే చేతికి వచ్చేది సుమారు 600 వాట్ అవర్లు. అదే సామర్థ్యమున్న లిథియంలో వెయ్యికి పైగా వాడుకోవచ్చు, బరువు పన్నెండు కిలోల దగ్గర ఉంటుంది. ధర ఎక్కువే అయినా, ఆరేళ్ళు వాడే ఉద్దేశముంటే లిథియమే లాభం.

అయితే రెండు షరతులు. మొదటిది వేడి. రెంటచింతల, రామగుండం ఎండల్లో బానెట్ కింద పెట్టిన లిథియం బ్యాటరీ నడవదు. లోపలి రక్షణ సర్క్యూట్ వేడికి కరెంటు కట్ చేస్తుంది. సీటు కింద గానీ, తొట్టిలో నీడపట్టున గానీ పెట్టాలి. రెండోది ఛార్జింగు. లెడ్ పక్కన లెడ్ అయితే వోల్టేజి చూసి కలిపే రిలే సరిపోతుంది: 13.3 వోల్టుల దగ్గర రెండిటినీ కలుపుతుంది, 12.8 దగ్గర విడదీస్తుంది. చవక, చెడిపోయేది తక్కువ. లిథియంకు ఆ రిలే పెడితే, లోపలి నిరోధం చాలా తక్కువ కాబట్టి ఆల్టర్నేటర్ ఇవ్వగలిగిందంతా లాగేసి దాన్ని కాల్చేస్తుంది. 20 లేదా 30 ఆంపియర్లకు మించి లాగనివ్వని డీసీ-డీసీ ఛార్జరు కొనక తప్పదు. లిథియం ధర చూసేటప్పుడు ఈ ఛార్జరు ధర కూడా కలిపి చూడండి.

ఇన్వర్టర్ విషయానికి వస్తే, వెయ్యి వాట్లు చాలనుకునేవారు ఒక లెక్క చేయాలి. 12 వోల్టుల మీద వెయ్యి వాట్లంటే, నష్టాలతో కలిపి 95 ఆంపియర్ల దాకా. బ్యాటరీ నుంచి తొట్టిలోని ఇన్వర్టర్‌కు నాలుగు మీటర్లు, తిరిగి రావడానికి నాలుగు. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే దారిలోనే 0.8 వోల్టులు పోతాయి, దాదాపు 75 వాట్ల వేడి కేబుల్‌లోనే పుడుతుంది. 35 వేస్తే నష్టం 0.4 లోపే. ఎలక్ట్రీషియన్ ఎంత బాగా చేశానన్నా నమ్మకుండా మల్టీమీటరుతో చూడండి: గ్రైండరు తిరుగుతుండగా బ్యాటరీ కొనల మీద ఒక రీడింగు, ఇన్వర్టర్ కొనల మీద ఒక రీడింగు. రెండిటి మధ్య తేడా అర వోల్టు దాటితే కేబుల్ సన్నమైనా అయి ఉండాలి, కేబుల్ కొనకు తొడిగే లగ్గు సరిగా నొక్కకపోయినా అయి ఉండాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి; ఇన్వర్టర్ దగ్గర పెట్టిన ఫ్యూజు మధ్యలో కేబుల్ రాసుకుపోయి అంటుకుంటే కాపాడదు.

రోజుకు గంటకు మించి గ్రైండరు, డ్రిల్లు ఆడేవారికి, వెల్డింగు చేసేవారికి ఇన్వర్టర్ వద్దు. చిన్న పెట్రోల్ జనరేటర్ తొట్టిలో వేసుకోండి. వ్యవసాయ డ్రోన్ బ్యాటరీలు ఛార్జి చేసేవారికీ అదే సలహా. ల్యాప్‌టాప్, లైట్లు, కెమెరా, చిన్న ఫ్రిజ్ వాడేవారికి 600 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ చాలు. వాళ్ళకు కప్పు మీద 100 వాట్ల సోలార్ పలక కూడా నిజంగా పనికొస్తుంది. మంచి ఎండలో ఐదారు ఆంపియర్లు ఇస్తుంది.

గాలి

బండికి శాశ్వతంగా బిగించే సామాను ఒక్కటే ఉండాలంటే అది కంప్రెసరే. ఇసుకలో 35 పీఎస్ఐ నుంచి 18కి దించిన టైరు బండిని బయటకు లాగుతుంది, చాలాసార్లు వించ్ అవసరమే రానివ్వదు. దించిన గాలి మళ్ళీ నింపుకోవాలి కదా. పొలంలో ట్రాక్టరు టైరుకూ, ఫిల్టర్ల దుమ్ము ఊదడానికీ ఆ గాలే.

చేతిలో పట్టుకెళ్ళే రెండు సిలిండర్ల 12 వోల్టుల కంప్రెసర్ మంచి రకమైతే నాలుగు టైర్లు నింపడానికి సరిపోతుంది. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే రకమే కొనండి. సిగరెట్ సాకెట్‌కు తగిలించేవి కారు టైర్లకే సరి. నెలకోసారి వాడేవారికి ఇది చాలు, ఇంకో బండిలోకి కూడా మారుతుంది. వారానికి నాలుగైదు రోజులు గాలి వాడేవారు ట్యాంకుతో పాటు బండికి బిగించే రకం తీసుకోవాలి. ట్యాంకుకు సేఫ్టీ వాల్వు, అడుగున నీళ్ళు వదిలే కుళాయి లేకపోతే కొనకండి. మన వానాకాలం తేమకు ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది.

పాత ఏసీ కంప్రెసర్‌ను బెల్టుతో తిప్పి గాలి పంపుగా మార్చే పద్ధతి కూడా ఉంది. గాలి బ్రహ్మాండంగా వస్తుంది. కానీ చాలా రకాల ఏసీ కంప్రెసర్లకు నూనె అందేది గ్యాసుతో పాటు తిరిగి రావడం వల్ల. గాలి కొడితే ఆ నూనె తిరిగి రాదు, టైరులోకి పోతుంది. విడిగా నూనె అందించే ఏర్పాటు, గాలిలోంచి నూనె వేరుచేసే ఫిల్టరు పెట్టకపోతే కొంతకాలానికే పట్టేస్తుంది. లేత్ పని తెలిసినవారికి సరదాగా ఉంటుంది, మిగతావారికి దండగ.

వించ్: పదిమందిలో తొమ్మిదిమందికి వద్దు

వించ్ లాగే శక్తి బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. 2,800 కిలోల బండికి 4,200 కిలోలు, అంటే మార్కెట్లో 9,500 పౌండ్ల రకం. ఆ అంకె తాడు చుట్టుకునే డ్రమ్ము మీద మొదటి చుట్టుకే వర్తిస్తుంది. చుట్లు పెరిగే కొద్దీ బలం తగ్గుతుంది. పూర్తి భారం మీద 350 నుంచి 450 ఆంపియర్లు లాగుతుంది. పైన చెప్పిన 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ దానికి ఏ మూలకూ చాలదు, బ్యాటరీయే భరించాలి.

బరువంతా ముందు ఇరుసు మీద, అదీ ముందుకు పొడుచుకువచ్చి పడుతుంది. దాన్ని బిగించడానికి పెట్టే ఇనుప బంపర్‌తోనే అసలు తంటా. క్రాష్ గార్డులు, బుల్ బార్‌ల మీద చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన నిబంధన ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. తొట్టి మీద శాశ్వతంగా వెల్డింగు చేసిన కప్పు కూడా ఇదే లెక్కలోకి రావచ్చు. బోల్టులు విప్పి దించగలిగేవి ఎంచుకోవడం మేలు.

ఒంటరిగా, బురద దారుల్లో తరచు తిరిగేవారు చేత్తో తిప్పి లాగే పుల్లరు ఒకటి, మంచి పట్టీ తాడు, తాడు తగిలించే రెండు ఇనుప షాకిళ్ళు పెట్టుకుంటే చాలు. నెమ్మదిగా లాగుతుంది, చెమట పడుతుంది. కానీ అది వెనక్కి కూడా లాగగలదు. ముందు బిగించిన వించ్ ఆ పని చేయలేదు, సాధారణంగా కావలసింది వెనక్కి రావడమే. తప్పదు వించ్ కావాలంటే ఇనుప తాడు బదులు సింథటిక్ తాడు తీసుకోండి. తెగినప్పుడు కొరడాలా విసిరేది ఇనుప తాడే. సింథటిక్ తాడుకు ఎండ, ఇసుక పడవు కాబట్టి కప్పి ఉంచాలి.

మొత్తం మీద ఎవరికి ఏది

పనిముట్లతో పల్లెలు తిరిగేవారికి: తుప్పు లేని 207 లేదా గెటవే, లెడ్ రెండో బ్యాటరీ, రిలే, ట్యాంకున్న కంప్రెసర్, అవసరమైన రోజు జనరేటర్. కుటుంబంతో దూర ప్రయాణాలు, అడవి దారులు ఇష్టమైనవారికి: వీ-క్రాస్, సీటు కింద లిథియం, డీసీ-డీసీ ఛార్జరు, 600 వాట్ల ఇన్వర్టర్, చేతి కంప్రెసర్. జెనాన్ ఎప్పుడంటే, ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి, వీ-క్రాస్ ధర పెట్టలేం అన్నప్పుడు. అదీ బాడీ సామాను మొత్తం బాగున్న బండి దొరికితేనే.

పని చేయించే వరుస కూడా ముఖ్యమే. బ్రేకులు, స్టీరింగు, రేడియేటర్, టైర్లు పూర్తిచేసి, ఏ అదనపు సామానూ లేకుండా రెండు మూడు నెలలు నడపండి. పాత వైరింగులో ఎక్కడ లోపముందో, ఇంజను ఎండాకాలం ఎలా ఉంటుందో ఆ నెలల్లోనే బయటపడుతుంది. కొత్త వైర్లు లాగేటప్పుడు ప్రతి వైరు రంగు, ఫ్యూజు అంకె కాగితం మీద గీయించుకుని గ్లవ్ బాక్సులో పెట్టుకోండి. బిగించిన సామాను బిల్లులతో సహా బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి; కాస్త ప్రీమియం పెరుగుతుంది, కానీ చెప్పని బ్యాటరీ దొంగలపాలైనా, షార్టు సర్క్యూటుకు కాలిపోయినా రూపాయి రాదు.